పవర్ విండో స్విచ్ మార్చాలంటే డోర్ ప్యానెల్ మొత్తం విప్పాల్సిందేనా?

కిటికీ పక్క సీటు:

కారుకు తొమ్మిదేళ్లు, నాలుగు డోర్లకీ పవర్ విండోలే. కొన్ని నెలలుగా డ్రైవర్ వైపు అద్దం కిందికి హాయిగా దిగుతోంది, పైకి రమ్మంటే మాత్రం మొరాయిస్తోంది. స్విచ్ నాలుగైదు సార్లు లాగి, కాస్త పక్కకి ఒత్తి పట్టుకుంటే అప్పుడు కనికరిస్తుంది. నిన్న వానలో సగంలో ఆగిపోయింది. భుజం తడుపుకుంటూ పావుగంట దాంతో కుస్తీ పట్టాను.

ఇంకోటి. వెనక ఎడమ డోర్ అద్దం నా దగ్గరున్న స్విచ్‌తో అసలు కదలదు, పైకీ లేదు కిందికీ లేదు. ఆ డోర్ మీదున్న దాని సొంత స్విచ్‌తో అయితే రెండు వైపులా చక్కగా కదులుతుంది. మిగతా రెండు అద్దాలకి ఏ గొడవా లేదు.

మెకానిక్‌కి చూపిస్తే స్విచ్ కాదు, లోపల వైరింగ్ పోయింది, అంతా లాగి చూడాలి అన్నాడు. నాకెందుకో స్విచ్ మీదే అనుమానం. డ్రైవర్ డోర్ మీద నాలుగు అద్దాలకీ కలిపి ఉండే మాస్టర్ స్విచ్ నేనే మార్చుకుందామని ప్యానెల్ కింది అంచు పట్టుకుని కొంచెం లాగాను, లోపల ఎక్కడో చిటుక్కుమంది, భయమేసి వదిలేశా. ఇంతకుముందు ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్యానెల్ మొత్తం ఊడదీయాలా, స్విచ్ ఒక్కటే పైనుంచి వస్తుందా? స్క్రూలు ఎక్కడెక్కడ దాక్కుంటాయి?

స్టార్ స్క్రూ:

ముందు విండో లాక్ బటన్ చూసుకోండి బ్రదర్. పిల్లలు నొక్కేసి ఉంటారు. మా ఇంట్లో రెండు సార్లు అయింది, రెండు సార్లూ నేను ఫ్యూజులు విప్పాకే తెలిసింది.

ఎర్త్ వైరు:

లాక్ బటన్ కాదండి. అది నొక్కి ఉంటే ఆగిపోయేది వెనక డోర్ల మీదున్న స్విచ్‌లు, డ్రైవర్ దగ్గరున్నవి కాదు. ఈయన దగ్గర సరిగ్గా తిరగేసి ఉంది.

ఇందులో ప్యానెల్ ముట్టుకోకుండానే తేలిపోయే విషయం ఒకటుంది. పవర్ విండో మోటారు మామూలు 12 వోల్టుల డీసీ మోటారు. రెండు వైర్లు. ఒక వైపు ప్లస్, రెండో వైపు ఎర్త్ (అంటే బ్యాటరీ నెగెటివ్) ఇస్తే అద్దం లేస్తుంది, తిరగేసి ఇస్తే దిగుతుంది. పాత పద్ధతి వైరింగ్ ఉన్న కార్లలో వెనక డోర్ స్విచ్‌కి సొంతంగా ఎర్త్ ఉండదు. ఆ డోర్ నుంచి రెండు వైర్లు డ్రైవర్ మాస్టర్ స్విచ్ దాకా వచ్చి, అక్కడ ఎర్త్ అవుతాయి. మీరు వెనక కూర్చుని పైకి నొక్కితే కరెంటు ఒక వైరు గుండా తిరిగి మాస్టర్‌కి వస్తుంది, కిందికి నొక్కితే రెండో వైరు గుండా. అంటే వెనక స్విచ్‌తో అద్దం రెండు వైపులా కదిలిందంటే ఆ రెండు వైర్లూ బాగున్నట్టే, మోటారు బాగున్నట్టే, ఫ్యూజు కూడా బాగున్నట్టే. ఇక మిగిలిందేంటి? మాస్టర్ స్విచ్ లోపల ఆ అద్దానికి ప్లస్ అందించే కాంటాక్టు. రెండు వైపులా పనిచేయట్లేదంటే అది బాగా కాలిపోయి ఉండాలి, లేదా ఆ మీట కింద ఏదో విరిగి ఉండాలి.

డ్రైవర్ అద్దం సంగతీ అంతే. పక్కకి ఒత్తితే పనిచేస్తోందని మీరే రాశారు, స్విచ్ పోయిందనడానికి ఇంకేం కావాలి. ఆ స్విచ్, ఆ మోటారు రెండూ ఒకే డోర్‌లో ఉంటాయి కాబట్టి వాటి మధ్య వైర్లు డోర్ తీసి మూసినప్పుడు మడతపడేవి కావు. బాడీ నుంచి డోర్‌లోకి వచ్చే ప్లస్ వైరు తెగి ఉంటే మీ దగ్గర నుంచి నాలుగు అద్దాలూ ఆగాలి, రెండు నిక్షేపంగా పనిచేస్తున్నాయి కదా.

అయితే ఒక మాట. మీ కారులో మాస్టర్ స్విచ్ నేరుగా మోటారుకి కరెంటు ఇవ్వకుండా కంప్యూటర్‌కి సిగ్నల్ మాత్రమే పంపే రకం అయితే పైన చెప్పిన లెక్క పనిచేయదు. స్విచ్ కప్లర్‌లో, అంటే వైర్లు తగిలించే ప్లగ్గులో, లావుపాటి వైర్లు కనిపిస్తే పాత పద్ధతి, అన్నీ సన్నటి వైర్లే ఉంటే కొత్త పద్ధతి అని ఉజ్జాయింపుగా అనుకోవచ్చు.

స్టార్ స్క్రూ:

సరే ఒప్పుకున్నా. కానీ డోర్ బిగించి ఉండే బాడీ స్తంభానికీ (పిల్లర్) డోర్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో వైర్లు తెగడం నేను చాలా సార్లు చూశాను. మల్టీమీటర్ పెట్టి చూసుకుంటే పోయేదేముంది?

ఎర్త్ వైరు:

తెగుతాయి, కాదనను. అన్నిటికన్నా ఎక్కువ తెరిచేది డ్రైవర్ డోరే, కాబట్టి అక్కడే ముందు తెగుతాయి. కాకపోతే ఈయన చెప్పిన లక్షణాలు దానికి అతకవు. ఇంకా మల్టీమీటర్‌తో ఇక్కడ మోసపోతారు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, మోటారు లోడు పడేసరికి ఆ పోగు చేతులెత్తేస్తుంది. ఒక పాత హెడ్‌లైట్ బల్బుకి రెండు వైర్లు కట్టి మోటారు కప్లర్ దగ్గర పెట్టి స్విచ్ నొక్కండి, బల్బు నిండుగా వెలిగితే వైరింగ్‌ని అనుమానించాల్సిన పని లేదు. గుడ్డిగా వెలిగితే అప్పుడు రబ్బరు గొట్టం వెనక్కి జరిపి చూసుకోవచ్చు.

పాత బండి:

తమ్ముడూ, నువ్వు కింది అంచు లాగి ఆపేయడం మంచి పనే. చిటుక్కుమన్నది ఒక క్లిప్పు ఊడిన శబ్దమే అయి ఉంటుంది, అది ఊడటానికే ఉంది, కంగారు పడకు. స్క్రూలు విప్పకుండా ఇంకా గట్టిగా లాగి ఉంటే ప్యానెలే చీలేది.

ముందు చూడాల్సింది ప్యానెల్ కాదు, స్విచ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పలక. చాలా కార్లలో అది ఒక్కటే పైకి లేస్తుంది, ముందు గానీ వెనక గానీ ఒక చివర సన్నటి గాడి ఉంటుంది, అక్కడ ప్లాస్టిక్ పట్టీ దూర్చి ఎత్తితే స్విచ్‌తో సహా బయటికి వచ్చేస్తుంది, కప్లర్ పీకి కొత్తది పెట్టుకుంటే పని అయిపోయినట్టే. గాడి లేదు, ఎంత ఎత్తినా కదలట్లేదు అంటే బలవంతం చేయకు, కింది నుంచి స్క్రూ పట్టి ఉంటుంది. అప్పుడు ప్యానెల్ దించక తప్పదు.

దించాల్సి వస్తే, ముందు అద్దం పూర్తిగా పైకి ఎత్తుకో. తాళం చెవి తీసేసి బ్యాటరీ నెగెటివ్ విప్పు. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు, కొన్ని కార్లకి డోర్‌లోనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, ఇంకొన్నింటికి పక్క నుంచి గుద్దితే పసిగట్టే సెన్సర్ ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వాటి కప్లర్ కదిపితే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, స్కానర్ పెడితే గానీ పోదు. ప్యానెల్ మీద గానీ పిల్లర్ అంచున గానీ ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందేమో చూసుకుని, నెగెటివ్ విప్పాక మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగి అప్పుడు చెయ్యి పెట్టు. పసుపు రంగు కప్లర్ కనిపిస్తే దాని జోలికి పోకు.

ఇక స్క్రూలు. లోపలి హ్యాండిల్ గిన్నెలో ఒకటి, చాలా సార్లు చిన్న మూత కింద ఉంటుంది, గోటితో లేస్తుంది. డోర్ లాక్కునే చేతి పట్టులో ఒకటో రెండో, అక్కడా మూతే, లేదంటే అడుగున రబ్బరు పరుపు ఉంటే దాని కింద. సైడ్ మిర్రర్ వెనక ఉండే ముక్కోణం పలక కొన్ని కార్లలో ముందే తీయాలి, దాని వెనక ఒకటి దాక్కుని ఉంటుంది. డోర్ లైటు గానీ ఎర్ర రిఫ్లెక్టర్ గానీ ఉంటే దాని వెనక కూడా చూడు. స్టార్ స్క్రూలే ఎక్కువ, కొన్నింటికి ఆరు మూలల టార్క్స్ బిట్ కావాలి, తప్పుడు బిట్ పెట్టి తల అరగదీశావంటే ఆ ఒక్క స్క్రూతోనే రోజు గడిచిపోతుంది. ఏ స్క్రూ ఎక్కడిదో ఫోటో తీసుకో, పొడుగువి పొట్టివి ఒకలానే కనిపిస్తాయి, పొడుగుది తప్పుడు చోట బిగిస్తే ప్యానెల్ ముందుకి పొడుచుకొస్తుంది.

అన్నీ విప్పావని నమ్మకం కుదిరాక కింది మూల నుంచి మొదలుపెట్టు. ప్లాస్టిక్ పట్టీ లేకపోతే ఫ్లాట్ స్క్రూ డ్రైవర్‌కి టేపు నాలుగు చుట్లు చుట్టు, డోర్ పెయింటు మీద కూడా టేపు అంటించు. క్లిప్పు ఎక్కడుందో చూసి దాని పక్కనే ఎత్తాలి, రెండు క్లిప్పుల మధ్య ఎత్తితే ప్యానెల్ వెనక అట్ట విరుగుతుంది, క్లిప్పు మాత్రం అక్కడే ఉంటుంది. చలిలో చేయకు, ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, ఎండలో కాసేపు పెట్టాక చేయి. చుట్టూ ఊడిపోయాక ప్యానెల్‌ని నీ వైపు లాగకు. పైకి ఎత్తాలి. పై అంచు అద్దం పక్కన రబ్బరు బీడింగ్ మీద కొక్కెంలా వేలాడుతూ ఉంటుంది, పైకి ఎత్తితేనే వదులుతుంది. లాక్ పుల్ల ఉన్న బండైతే అది కూడా రంధ్రంలోంచి జారాలి.

ఎత్తగానే దూరంగా తీసుకుపోవద్దు, వెనక ఇంకా కట్టుబడి ఉంటుంది. హ్యాండిల్ కేబుల్, స్విచ్ కప్లర్, మిర్రర్ స్విచ్ ఉంటే దాని కప్లర్, లైటు ఉంటే అదీ. నొక్కు చూసి వేలితో నొక్కి విడదీయి, వైరు పట్టుకుని లాగడం మాత్రం వద్దు. ఇంకొకరిని ప్యానెల్ పట్టుకోమంటే పని సగమవుతుంది.

రబ్బరు బీడింగు:

పాత బండి గారు చెప్పనిది ఒకటి నేను చెప్తాను, ఎందుకంటే నేను అనుభవించాను కాబట్టి. ప్యానెల్ తీయగానే లోపల పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది, నల్లటి జిగురుతో అతికించి. నేను ప్యాకింగ్ కవరేమో, ఫ్యాక్టరీలో తీయడం మరిచిపోయారేమో అనుకుని చింపి పారేశాను. నవ్వకండి. మొదటి పెద్ద వానకి కాలి కింద కార్పెట్ అంతా తడి. సన్‌రూఫ్ అనుకున్నా, విండ్‌షీల్డ్ రబ్బరు అనుకున్నా, నెల రోజులు వెతికా, కారులో ముక్క వాసన.

అద్దం మీద పడ్డ వాన నీళ్లు కొంత డోర్ లోపలికి దిగడం మామూలేనట, డోర్ అడుగున దానికోసమే రంధ్రాలుంటాయి. ఆ నీళ్లు ప్యానెల్ వైపు రాకుండా ఆపి, రంధ్రాల నుంచే బయటికి పోయేలా చేసేది ఆ షీటే. చివరికి మందపాటి పాలిథిన్ ఆ ఆకారంలో కత్తిరించి బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు జిగురు టేపు) పెట్టి అతికించుకున్నాను, తడి ఆగింది. స్విచ్ మార్చడానికి షీటు ముట్టుకోవాల్సిన అవసరమే ఉండదు లెండి, మోటారు దాకా వెళ్తేనే. అప్పుడు కూడా పైపైన ఒక మూల మాత్రం జిగురు కోసి మడిచి, పని అయ్యాక అదే జిగురు మీద గట్టిగా ఒత్తితే సరిపోతుంది. దుమ్ము అంటనివ్వకండి, అంటితే పట్టదు.

ఎర్త్ వైరు:

పక్క నుంచి గుద్దితే పసిగట్టే సెన్సర్లని పాత బండి గారు చెప్పారు కదా, వాటిలో కొన్ని డోర్ లోపలి గాలి ఒత్తిడి హఠాత్తుగా పెరగడాన్ని పట్టుకుంటాయి. అలాంటి కారులో ఆ షీటు, దాని అతుకు వానకే కాదు, ఎయిర్‌బ్యాగ్‌కీ అవసరం. చింపి వదిలేయకూడదు.

కిటికీ పక్క సీటు:

చాలా థాంక్స్ అండీ అందరికీ. పలక ఎత్తి చూశాను, కదల్లేదు, గాడి కూడా లేదు. ఆర్మ్‌రెస్ట్ ప్యానెల్‌తో కలిపే ఉంది. ఆదివారం విప్పుతాను. ఒక సందేహం, పాత స్విచ్‌నే విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొడితే సరిపోదా? కొత్తది కొనాల్సిందేనా?

పాత బండి:

కొన్నాళ్లు సరిపోతుంది. కాంటాక్టు నల్లబడితే సన్నటి నీటి కాగితంతో (వాటర్ పేపర్) ఒక్క రుద్దు రుద్ది క్లీనర్ కొడితే లేచి కూర్చుంటుంది, కానీ పై పూత పోయాక మళ్లీ త్వరగా నల్లబడుతుంది. విప్పేటప్పుడు ఒక పళ్లెంలోనో పాలిథిన్ సంచిలోనో చేతులు పెట్టి విప్పు, లోపల చిన్న స్ప్రింగులు, గుండ్లు ఉంటాయి, ఎగిరాయంటే సీటు కింద వెతుక్కోవడమే.

కొత్తది కొనేటప్పుడు మాత్రం పాతది విప్పి, అడుగున ఉన్న పార్ట్ నంబరు చూసి కొను. పైకి అచ్చు ఒకేలా ఉండి కప్లర్‌లో పిన్నుల వరస వేరే ఉన్నవి ఉన్నాయి. ఆటో డౌన్ (ఒక్క నొక్కుకే అద్దం పూర్తిగా దిగడం) ఉన్నదానికి లేనిదానికి తేడా ఉంటుంది, స్టీరింగ్ ఎడమ వైపున్న కార్లకి కుడి వైపున్నవాటికి మాస్టర్ స్విచ్ వేరు. క్లిప్పులు కూడా నాలుగైదు ఎక్స్‌ట్రా తెచ్చుకో. ఎందుకని అడగొద్దు.

కిటికీ పక్క సీటు:

అయిపోయింది! మూడు గంటలు పట్టింది, అందులో గంటంబావు ఒకే ఒక్క స్క్రూ వెతకడానికే. హ్యాండిల్ గిన్నెలోది దొరికింది, చేతి పట్టులో రెండూ దొరికాయి, చుట్టూ క్లిప్పులన్నీ ఊడాయి, అయినా మధ్యలో పట్టేసి ఉంది. టార్చి వేసి సందులోంచి చూస్తే స్పీకర్ జాలీ కింద, సీసా పెట్టుకునే అర అడుగున ఒక స్క్రూ, దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ముద్ద. అది లేకుండా లాగి ఉంటే ఖాయంగా చీరేసేవాణ్ని.

రెండు క్లిప్పులు విరిగాయి, ఒకటి డోర్ రేకులోనే ఉండిపోయింది, ప్లయర్‌తో పట్టి లాగాను. ఎక్స్‌ట్రా తెచ్చుకోమన్నది ఎందుకో అర్థమైంది. హ్యాండిల్ కేబుల్ తీయడం తేలికే అయింది గానీ మళ్లీ తగిలించడానికి చెమటలు పట్టాయి, మొదటిసారి తప్పు గాడిలో కూర్చోబెట్టాను, లోపలి నుంచి డోర్ తెరుచుకోలేదు. అదృష్టం ఏంటంటే నాకే బుర్ర వెలిగి, ప్యానెల్ నొక్కేముందే అన్నీ తగిలించి పరీక్షించాను.

పాత స్విచ్ విప్పి చూశాను. డ్రైవర్ అద్దాన్ని పైకి ఎత్తే కాంటాక్టు కాలి బొగ్గు. వెనక ఎడమదానికి మీట కింద ఉండే చిన్న ప్లాస్టిక్ కాలే విరిగిపోయింది, ఎంత నొక్కినా లోపల ఏదీ తాకట్లేదు. ఎర్త్ వైరు గారూ, మీరు ప్యానెల్ చూడకుండానే చెప్పింది అక్షరాలా నిజం. పైగా ఏదో తీపి ద్రవం ఒలికి ఎండిపోయినట్టు అంతా జిగట. నేరస్తుడు ఎవరో ఇంట్లో విచారణ జరుగుతోంది.

కొత్తది పెట్టాక నాలుగు అద్దాలూ కదులుతున్నాయి. కానీ డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుకి పూర్తిగా పైకి వెళ్లేది ఇదివరకు, ఇప్పుడు చెయ్యి తీయగానే ఆగిపోతోంది. స్విచ్ తేడానా?

ఎర్త్ వైరు:

బ్యాటరీ విప్పారు కదా, అద్దం పై హద్దు ఎక్కడో మరిచిపోయింది. ఇగ్నిషన్ ఆన్ చేసి అద్దం పూర్తిగా దించండి, తర్వాత పైకి లాగి పట్టుకోండి, పైకి చేరాక కూడా కొన్ని సెకన్లు వదలకుండా పట్టుకోండి. చాలా కార్లలో ఇంతే, మీ మాన్యువల్‌లో వరస కొంచెం తేడాగా ఉండొచ్చు. ఇది అయ్యేదాకా చెయ్యి ఇరుక్కుంటే వెనక్కి తగ్గే రక్షణ కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు, పిల్లలు ఉంటే ముందు ఈ పని చేసుకోండి.

ఇంకోటి చూడండి. అద్దం పైకి వెళ్లేటప్పుడు ఎంత సేపు పడుతోంది? దిగేటప్పటికన్నా మరీ నెమ్మదిగా, మూలుగుతూ వెళ్తుంటే ఆ కాంటాక్టు బొగ్గు అవడానికి కారణం అదే. అద్దం జారే రబ్బరు గాడిలో మట్టి పట్టి బిగిస్తే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటంతా మీ స్విచ్ కాంటాక్టు మీదుగానే పోతుంది. తడి గుడ్డని పట్టీకి చుట్టి గాడి తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, ఇంజనాయిలు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది, మట్టి ఇంకా పడుతుంది.

కిటికీ పక్క సీటు:

ఒక్క నొక్కుకి పూర్తిగా పైకి వెళ్లడం మళ్లీ వచ్చేసింది. గాడి తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చింది, నాలుగు డోర్లకీ చేశాను, ఇప్పుడు పైకి వెళ్లేటప్పుడు ఆ మూలుగు లేదు.

ఇక ఆఖరి ప్రశ్న, కొంచెం సిగ్గుగానే అడుగుతున్నా. అన్నీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. పొట్టిది, నల్లది. ఫోటోల్లో ఎక్కడా కనిపించట్లేదు. గతుకుల్లో డోర్ పై మూల నుంచి టకటక కూడా వస్తోంది.

స్టార్ స్క్రూ:

సైడ్ మిర్రర్ వెనక ముక్కోణం పలక తీశారా?

కిటికీ పక్క సీటు:

తీశాను. అది ఫోటో తీయకముందే తీశాను.